గడ్డి పోయింది, మన టెన్నిస్ వెనకబడింది

టెన్నిస్ సింగిల్స్‌లో మనవాళ్లు ఎందుకు కనబడరంటే డబ్బు లేదు, కోచింగ్ లేదు, అందరికీ క్రికెట్ పిచ్చి అంటాం. అవీ నిజమే. కానీ పెద్ద దెబ్బ కాళ్ల కిందే తగిలిందని నా అభిప్రాయం.

దీన్ని లాన్ (పచ్చిక) టెన్నిస్ అన్నది ఊరికే కాదు. ఒకప్పుడు నాలుగు గోడల మధ్య రాజులు ఆడుకున్న ఆట, గడ్డి కోసే యంత్రం, పచ్చిక మీద ఎగిరే రబ్బరు బంతి వచ్చాకే ఆరుబయటకు వచ్చింది. 1877లో వింబుల్డన్ మొదలైంది. 1974 దాకా గ్రాండ్‌స్లామ్‌లనే నాలుగు అతిపెద్ద టోర్నీలలో మూడు గడ్డి మీదే జరిగాయి.

గడ్డి మీద బంతి పెద్దగా పైకి లేవదు, జారిపోతుంది. ఒక్కోసారి ఎటు పోతుందో కూడా తెలియదు. అందుకే దాన్ని నేలకు తగలనివ్వకుండా, సర్వీస్ చేసి నెట్ దగ్గరికి ఉరికి వాలీ కొట్టేవాళ్లు. కండబలం కన్నా చేతివాటం ముఖ్యం. అది మనవాళ్లకు బాగా అబ్బింది. రామనాథన్ కృష్ణన్ 1960, 61లలో వింబుల్డన్ సెమీస్ ఆడారు. విజయ్ అమృత్‌రాజ్ 1973లో అక్కడా, యూఎస్ ఓపెన్‌లోనూ క్వార్టర్స్‌కు వెళ్లారు.

యూఎస్ ఓపెన్ 1975లో గడ్డి తీసేసింది, 1978లో హార్డ్ కోర్టుకు (సిమెంటులాంటి గట్టి నేలకు) మారింది. ఆస్ట్రేలియన్ ఓపెన్ 1988లో అదే పని చేసింది. మిగిలిన వింబుల్డన్‌లో కూడా 2001లో గడ్డి రకం మార్చాక నేల గట్టిపడి బంతి పైకి లేవసాగింది. మరుసటి ఏడాది ఫైనల్ ఆడిన హెవిట్, నల్బాండియన్ ఇద్దరూ బేస్‌లైన్ (వెనక గీత) దగ్గరే ఉండి ఆడేవాళ్లే!

నేల తేడా ఏం చేస్తుందో 1987లో దేశాల జట్ల మధ్య జరిగిన డేవిస్ కప్ చూపించింది. సిడ్నీ గడ్డి మీద ఆస్ట్రేలియాను వాళ్లింట్లోనే 3-2తో ఓడించాం. చివరి మ్యాచ్‌లో రమేశ్ కృష్ణన్ ఆస్ట్రేలియా ఆటగాడు మసూర్‌ను వరుస సెట్లలో చుట్టేశాడు. రమేశ్ సర్వీస్‌లో వేగమేమీ ఉండేది కాదు, అయినా సరిపోయింది. ఫైనల్ గోథెన్‌బర్గ్‌లో. స్వీడన్ ఇండోర్ హాల్లో, బంతి నెమ్మదించి పైకి లేచే ఎర్రమట్టి పరిచింది. 5-0తో ఓడిపోయాం. స్వీడన్ బలమైన జట్టే, కాదనను. కానీ ఒక్క మ్యాచ్ కూడా దక్కకపోవడానికి ఆ మట్టికీ వాటా ఉంది.

లియాండర్ పేస్ గెలిచిన ఒకే ఒక్క ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టూర్) సింగిల్స్ టైటిల్ (1998) కూడా అమెరికాలోని న్యూపోర్ట్ గడ్డి మీదే. మన హైదరాబాద్ సానియా వేరే రకం. వెనకనుంచి ఫోర్‌హ్యాండ్‌తో బాదే ఆట ఆమెది, 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లింది.

పాత విద్య పూర్తిగా పోలేదు, డబుల్స్‌లోకి వెళ్లి తలదాచుకుంది. 2024లో 43 ఏళ్ల రోహన్ బోపన్న ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచింది హార్డ్ కోర్టు మీదే. డబుల్స్‌లో నెట్ దగ్గర చెయ్యి తిరిగినవాడికి ఇంకా పని ఉంది.