రొయ్యకు ఇమ్యూనిటీ లేదన్న మాట నిజం కాదు

రొయ్యల రైతుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ మళ్లీ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: రొయ్య రక్తంలో యాంటీబాడీలు ఉండవు కాబట్టి దానికి ఇమ్యూనిటీ సున్నా. ఏ జబ్బు వచ్చినా యాంటీబయాటిక్ వేయాల్సిందే. పట్టుబడికి, అంటే చెరువులో రొయ్యలు పట్టడానికి, ముందు కొన్ని రోజులు మందు ఆపేస్తే ఒంట్లో ఏమీ మిగలదు. రొయ్య ఒంట్లో సహజంగానే యాంటీబయాటిక్ లాంటి పదార్థాలు ఉంటాయి, కాబట్టి మందు వేయడం తప్పు కాదు.

మొదటి మాటకూ చివరి మాటకూ పొత్తు కుదరదు. ఒంట్లో సూక్ష్మజీవుల్ని చంపే పదార్థాలు ఉంటే ఇమ్యూనిటీ సున్నా ఎలా అవుతుంది? అయినా చాలామంది నమ్ముతున్నారు, నమ్మి డబ్బు పోగొట్టుకుంటున్నారు. అందుకే ఒక్కో మాటా విడివిడిగా చూడాలి.

"యాంటీబాడీలు లేవు, కాబట్టి ఇమ్యూనిటీ సున్నా"

మొదటి సగం నిజం. చేపకు, కోడికి, మనిషికి ఉండే యాంటీబాడీలు రొయ్యకు లేవు. ఈగకూ పట్టుపురుగుకూ పీతకూ లేవు. కానీ ఇవన్నీ కోట్ల ఏళ్లుగా బురదలో, కుళ్లిన ఆకుల్లో బతుకుతూ వచ్చినవే. రక్షణ ఏదీ లేకపోతే ఇన్నాళ్లు మిగిలేవి కావు.

ఆ రక్షణ ఏమిటో స్వీడన్‌లో హాన్స్ బోమన్ బృందం పట్టుకుంది. సెక్రోపియా అనే పెద్ద పట్టుచిలుక ప్యూపాలకు వాళ్లు బ్యాక్టీరియా ఎక్కించి చూశారు. ఆ తర్వాత వాటి రక్తానికే బ్యాక్టీరియాను చంపే గుణం వచ్చింది. అందులోంచి వేరు చేసిన చిన్న ప్రొటీన్ ముక్కలకు 1981లో సెక్రోపిన్లు అని పేరు పెట్టారు. వీటినే యాంటీమైక్రోబియల్ పెప్టైడ్లు అంటున్నారు. వీటికి ధనావేశం ఉంటుంది, బ్యాక్టీరియా పైపొరకు రుణావేశం ఉంటుంది. పెప్టైడ్ వెళ్లి ఆ పొరకు అతుక్కుని దాన్ని చీలుస్తుంది. లోపలిది బయటికి కారిపోయి బ్యాక్టీరియా చస్తుంది.

అవి లేకపోతే ఏమవుతుందో 1996లో ఫ్రాన్స్‌లో తేలింది. జూల్స్ హాఫ్‌మన్ ప్రయోగశాలలో టోల్ అనే జన్యువు పనిచేయని ఈగలకు బూజు సోకించారు. బూజును ఆపే పెప్టైడ్‌ను అవి తయారు చేసుకోలేకపోయాయి. చచ్చిన ఈగ ఒంటినిండా బూజు పోగులు మొలిచిన ఫొటో జీవశాస్త్రం చదివిన చాలామందికి గుర్తుండే ఉంటుంది. హాఫ్‌మన్‌కు 2011లో నోబెల్ వచ్చింది.

ఈగ సంగతి మనకెందుకు అనుకోవద్దు. ఇప్పుడు మన చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్య రక్తకణాల్లోనే 1997లో పెనెయిడిన్లు అనే పెప్టైడ్లు దొరికాయి. ఆ తర్వాత క్రస్టిన్లు, ఏఎల్ఎఫ్ అనేవి కూడా బయటపడ్డాయి. 2008లో వనామీలో ఏఎల్ఎఫ్ జన్యువు పని చేయకుండా ఆపి చూశారు. విబ్రియో అనే బ్యాక్టీరియా సోకినప్పుడు ఆ రొయ్యలే ఎక్కువగా చచ్చాయి. సున్నా అనే మాటకు ఇంతకంటే సూటి జవాబు నాకు తెలియదు.

పైగా రొయ్య పద్ధతి ఈగ పద్ధతి కంటే కొంచెం వేరు. రోగం సోకాక ఈగ ఈ పెప్టైడ్లను ఎక్కువగా తన కొవ్వు కణజాలంలో తయారు చేస్తుంది. రొయ్య పెనెయిడిన్లను ముందే రక్తకణాల్లో నిల్వ ఉంచుకుంటుంది, సూక్ష్మజీవి తగలగానే విడుదల చేస్తుంది. మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే ఎత్తినప్పుడు పెంకు మీద గాయం ఉన్నచోట నల్లమచ్చ కనిపిస్తుందే, అది కూడా రక్షణలో భాగమే. మెలనిన్ ఏర్పడి గాయాన్ని మూసేస్తుంది.

మరి రొయ్యలు ఎందుకు చస్తున్నాయి? రైతు అడగాల్సిన ప్రశ్నే ఇది. రక్షణ ఎక్కువగా రక్తకణాల్లోనే ఉంది కదా. తెల్లవారుజామున డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పడిపోయినా, అమ్మోనియా పెరిగినా ఆ కణాల సంఖ్యే తగ్గిపోతుంది. మౌల్టింగ్ అయి, అంటే పాత పెంకు విడిచి, కొత్త పెంకు మెత్తగా ఉన్న రొయ్య ఇంకా బలహీనం. అటువంటి రాత్రి నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ ఆగితే, మర్నాడు ఏ మందు వేసినా పోయిన కణాలు తిరిగి రావు.

"ఏ జబ్బుకైనా యాంటీబయాటిక్"

వైట్‌స్పాట్ అనే తెల్లమచ్చల జబ్బు వైరస్ వల్ల వస్తుంది. రొయ్య ఎదగకుండా చేసే ఈహెచ్‌పీ బూజు జాతికి దగ్గరి పరాన్నజీవి. యాంటీబయాటిక్ పనిచేసేది బ్యాక్టీరియా మీద. ఈ రెండింటికీ అది వేస్తే ఖర్చు తప్ప ఫలితం లేదు. రొయ్య పిల్ల కొనే ముందు రెండింటికీ పీసీఆర్ అనే ల్యాబు పరీక్ష చేయించడం చాలా మేలు.

విబ్రియో బ్యాక్టీరియానే, ఒప్పుకుంటాను. అయితే మందు కలిపేది మేతలో. జబ్బు పడిన రొయ్య ముందు మానేసేది మేతే. అంటే మందు తినేవి ఎక్కువగా ఇంకా బాగున్న రొయ్యలు. మిగిలిన మేత అడుగున నానుతుంది, అక్కడి బ్యాక్టీరియాలో మందుకు తట్టుకున్నవి మాత్రమే మిగిలి పెరుగుతాయి. ఆ తట్టుకునే జన్యువులు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పోతాయి. వచ్చే క్రాప్‌కు అదే చెరువులో అదే మందు పనిచేయకపోతే ఆశ్చర్యం లేదు.

"పట్టుబడికి ముందు ఆపేస్తే చాలు"

ఈ మాట నమ్మి నష్టపోయిన వాళ్లను తలుచుకుంటే బాధేస్తుంది. నైట్రోఫ్యూరాన్ అనే నిషేధిత యాంటీబయాటిక్ మందులు ఒంట్లోంచి గంటల్లో మాయమవుతాయి, నిజమే. కానీ అవి విడిపోయి ఏర్పడే పదార్థాలు కండలోని ప్రొటీన్లకు అతుక్కుని వారాల తరబడి ఉంటాయి. వండినా పోవు. ల్యాబులో వెతికేది వాటినే. నిషేధిత మందుల అవశేషాలు దొరుకుతున్నాయనే 2016లో యూరోపియన్ యూనియన్ మన రొయ్యల కన్‌సైన్‌మెంట్లలో పరీక్షించే వాటా 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. ఆ భారం చివరికి పడేది రైతుకిచ్చే కౌంట్ రేటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి ఇచ్చే ధర, మీదే.

"సహజంగా ఉన్నదే కదా"

రొయ్య పెప్టైడ్ అమైనో ఆమ్లాల గొలుసు. మనం తింటే మామూలు ప్రొటీన్ లాగే అరిగిపోతుంది. క్లోరామ్‌ఫెనికాల్ అనే యాంటీబయాటిక్ అలా కాదు. అరుదుగా కొందరిలో అది ఎముక మజ్జను దెబ్బతీసి రక్తకణాల తయారీని ఆపేస్తుంది, మోతాదు తక్కువైనా సరే. ఎవరికి అలా జరుగుతుందో ముందే చెప్పడం కుదరదు. అందుకే తినే జంతువుల్లో దాన్ని వాడకుండా ఇన్ని దేశాలు నిషేధించాయి, మన దేశంలో రొయ్యల సాగులోనూ అది నిషేధమే.