కార్తీకమాసంలో గుడ్డు వాసన

(రాజమండ్రిలో ఒక పాత డాబా ఇల్లు. రాత్రి పది కావస్తోంది. హాల్లో చాప మీద కూర్చుని అమ్మమ్మ రేపటి దీపాలకు వత్తులు చేస్తోంది. మనవరాలు చిన్ని గుమ్మంలో చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. బీఎస్సీ కెమిస్ట్రీ, రెండో ఏడాది. పగలు కాలేజీ, సాయంత్రం బట్టల షాపులో బిల్లింగ్ కౌంటరు. మనిషి సగం నిద్రలో ఉంది. నోరు మాత్రం పూర్తిగా మేలుకునే ఉంది.)

అమ్మమ్మ: ఆగు. అక్కడే ఆగు. ఏమిటే ఆ వాసన?

చిన్ని: ఏ వాసన?

అమ్మమ్మ: కార్తీకమాసమని ఇంట్లోకి ఉల్లిపాయ కూడా రానివ్వట్లేదు నేను. నువ్వు బయట గుడ్డు తినొచ్చావా?

చిన్ని: గుడ్డూ లేదు గాడిదగుడ్డూ లేదు. అది ల్యాబ్ వాసన. హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాసు. చున్నీకి పట్టేసింది.

అమ్మమ్మ: పేరు మారిస్తే మడి నిలుస్తుందా?

చిన్ని: కుళ్ళిన గుడ్డులోంచి వచ్చేదీ ఆ గ్యాసే అమ్మమ్మా. అందుకే అలా కొడుతుంది. మధ్యాహ్నం నుంచి ఈ చున్నీతోనే తిరుగుతున్నాను. షాపులో నా కౌంటరు దగ్గర క్యూ కూడా లేదు ఇవాళ.

అమ్మమ్మ: గుడ్డు తినకుండా గుడ్డు వాసన తెచ్చుకోడానికి ఫీజు కట్టి మరీ పంపిస్తున్నామన్నమాట. అసలు ఏం చేస్తారే అక్కడ?

చిన్ని: మేడం ఒక తెల్లపొడి ఇస్తారు. అందులో ఏమేం కలిపారో మేం కనిపెట్టాలి.

అమ్మమ్మ: ఇంతోటి దానికి గ్యాసెందుకు? నాలిక మీద వేసుకుంటే సరి.

చిన్ని: అందులో సీసం ఉండొచ్చు, బేరియం ఉండొచ్చు. నాలిక మీద వేసుకుంటే రిజల్టు రాసేది నేను కాదు, పెద్దాసుపత్రి డాక్టరు.

అమ్మమ్మ: పొడి ఇచ్చినావిడకు తెలుసా అందులో ఏముందో?

చిన్ని: తెలుసు.

అమ్మమ్మ: తెలిసినావిడను ఒక్క మాట అడగకుండా, ఇరవై మంది నానా యాతనా పడి, గుడ్డు కంపు కొట్టించుకుని, చివరికి ఆవిడకు తెలిసిందే ఆవిడకు చెబుతారు.

చిన్ని: (ఆలోచించి) అలా చెబితే కొంచెం బాధగానే ఉంది.

(చిన్ని చున్నీ తీసి పెరట్లో దండెం మీద వేసి, కాళ్ళు కడుక్కుని వచ్చి, పళ్ళెం ఒక పక్క, ల్యాబ్ ప్రయోగాలు రాసే రికార్డు ఒక పక్క పెట్టుకుని కూర్చుంది. కుడిచేత్తో అన్నం, ఎడమచేత్తో పేజీలు. ఈ భంగిమ సైన్సు విద్యార్థులున్న ఇళ్ళన్నిట్లోనూ కనిపిస్తుంది. రికార్డుల మీద పప్పుచారు మరకలు అలా పడ్డవే.)

అమ్మమ్మ: అన్నం ముందు పుస్తకమేమిటి? తిండి తినేటప్పుడైనా దాన్ని వదలవా?

చిన్ని: సోమవారం రికార్డు ఇచ్చేయాలి. మంగళవారం ప్రాక్టికల్స్. ఇంకా ఏడు బొమ్మలు వెయ్యాలి.

అమ్మమ్మ: ఆ ల్యాబ్‌కి మార్కులు బాగా ఇస్తారా?

చిన్ని: క్రెడిట్లని ఉంటాయిలే. వారానికి గంట చొప్పున కూర్చుని పాఠం వింటే ఒక క్రెడిట్. ల్యాబ్ అయితే రెండు గంటలు నిలబడితే ఒక క్రెడిట్.

అమ్మమ్మ: కూర్చుని వింటే గంటకొకటి, నిలబడి చేస్తే అందులో సగమా? ఆ లెక్క రాసినవాడు జన్మలో వంటింట్లోకి వెళ్ళి ఉండడు. (వత్తి నలుపుతూ, మామూలుగా అన్నట్టు) సరే గానీ, ఆదివారం కడియం తోటలో వనభోజనాలు. పొద్దున ఎనిమిదికి ఆటో వస్తుంది. తయారుగా ఉండు.

చిన్ని: అమ్మమ్మా! ఇప్పుడేగా చెప్పాను!

అమ్మమ్మ: నువ్వు సోమవారం అన్నావు, మంగళవారం అన్నావు. నేను ఆదివారం అంటున్నాను.

చిన్ని: ఆదివారం షాపు. పెళ్ళిళ్ళ సీజను. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా బిల్లులు కొడుతూనే ఉండాలి. ఒక్కో కుటుంబం పదిహేను మంది వస్తారు. పెళ్ళికూతురికి చీర నచ్చితే మేనత్తకు నచ్చదు. బిల్లు కొట్టాక మేనత్త గెలుస్తుంది. నేను బిల్లు క్యాన్సిల్ చెయ్యాలి.

అమ్మమ్మ: అంత కష్టమైతే మానెయ్. నిన్నెవరు చెయ్యమన్నారు?

చిన్ని: ఫోను వాయిదాలు ఎవరు కడతారు?

అమ్మమ్మ: ఫోను చూసే తీరిక నీకెక్కడుంది?

చిన్ని: అందుకే కొన్నప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది.

అమ్మమ్మ: అబ్బో. మరి నిన్న ఎదురింటి పిల్ల నీ వాట్సాప్ స్టేటస్ చూపించింది. అయిదుగురు అమ్మాయిలు, మధ్యలో కేకు, నీ ముక్కు మీద క్రీము.

చిన్ని: (ముద్ద నోట్లో ఆగింది) అది... ఫ్రెండు బర్త్‌డే. కాలేజీ నుంచి షాపుకు వెళ్ళే దారిలో. ఇరవై నిమిషాలు.

అమ్మమ్మ: కేకులో గుడ్డు ఉంటుందా?

(చిన్ని రికార్డు నిలబెట్టి ముఖానికి అడ్డం పెట్టుకుంది. అది చాలా మంచి రికార్డు. అట్ట గట్టిది.)

అమ్మమ్మ: పప్పులో కాలేశావు. ఇందాక నేను అడిగింది ల్యాబ్ గుడ్డు గురించి కాదు.

చిన్ని: నువ్వు పోలీసుల్లో ఉండాల్సినదానివి.

అమ్మమ్మ: స్నేహితురాళ్ళకు ఇరవై నిమిషాలు దొరుకుతాయి. సొంత మనుషులకు ఒక పూట దొరకదు.

చిన్ని: వాళ్ళు నన్ను పెళ్ళెప్పుడని అడగరు అమ్మమ్మా. సెమిస్టర్ ఎప్పుడని అడుగుతారు. అదీ ఏడుస్తూ అడుగుతారు.

అమ్మమ్మ: మీ కాలేజీలో హాజరు ఎంతుండాలన్నావు?

చిన్ని: 75 శాతం.

అమ్మమ్మ: మన చుట్టాల్లో నీ హాజరు లెక్క వేస్తే నిన్ను పరీక్షకు కూర్చోనివ్వరు. మీ పెద్దత్త గృహప్రవేశానికి రాలేదు. మావయ్య కూతురు ఓణీల ఫంక్షనుకి వచ్చావు, అక్షింతలు వేసి అన్నం కూడా తినకుండా పరిగెత్తావు. అది సగం రోజే లెక్క. బాబాయి షష్టిపూర్తికి మధ్యలో క్విజ్జో ఏదో ఉందని పెళ్ళిపందిట్లో మూల కూర్చుని ఫోను గీకావు.

చిన్ని: అది ఆన్‌లైన్ ఇంటర్నల్. మార్కులున్నాయి దానికి. అయినా హాజరు తక్కువైతే మా కాలేజీలో మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, కండొనేషన్ ఫీజు కట్టొచ్చు. చుట్టాల్లో ఆ సౌకర్యం ఉందా?

అమ్మమ్మ: ఉంది. ఆదివారం వనభోజనాలకు రావడమే ఆ ఫీజు.

చిన్ని: ఈసారికి వదిలెయ్. వేసవిలో ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను.

అమ్మమ్మ: పోయిన వేసవిలోనూ ఇదే మాటన్నావు. తర్వాత కమ్యూనిటీ సర్వీస్ అని ఊళ్ళమీద పడ్డావు. నోట్సు పట్టుకుని గుమ్మం గుమ్మానికీ తిరిగి, మంచినీళ్ళు ఎక్కడివి, జ్వరాలు ఎంతమందికి అని రాసుకొచ్చావు. మన పక్కింటావిడ మోకాలి ఆపరేషన్ చేయించుకుని నెల దాటింది. తెలుసా నీకు?

చిన్ని: ఆవిడ శాంపిల్‌లో లేదు.

అమ్మమ్మ: గోడ అవతల ఉంది!

చిన్ని: ఆ ప్రాజెక్టు మొదటి ఏడాది అందరికీ తప్పనిసరి అమ్మమ్మా. వచ్చే వేసవి రెండు నెలల ఇంటర్న్‌షిప్. ఆ తర్వాత ఒక సెమిస్టర్ మొత్తం అదే. అవి లేకపోతే డిగ్రీ ఇవ్వరు.

అమ్మమ్మ: 2015 పుష్కరాలప్పుడు నిన్ను చెయ్యి పట్టుకుని రేవులోకి దింపాను. మళ్ళీ 2027లో వస్తాయి. అప్పటికైనా నీకు ఒక మునక వేసే తీరిక ఉంటుందా?

చిన్ని: (వేళ్ళమీద లెక్కపెట్టి) అప్పుడు పీజీ ఎంట్రన్స్ ఉంటుంది.

అమ్మమ్మ: గోదారి పన్నెండేళ్ళకోసారైనా దొరుకుతుంది.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చిన్ని చెయ్యి కడుక్కొచ్చింది. ప్రాక్టికల్స్‌లో నోటితో అడిగే వైవాకి చదువుకోవడం మొదలుపెట్టింది. మనసులో చదువుకుంటే ఎక్కదట, పైకి చదవాలి.)

చిన్ని: ఇండికేటర్ అనగా... ఆమ్లంలో ఒక రంగు, క్షారంలో మరొక రంగు చూపించు పదార్థం. ఉదాహరణకు ఫినాఫ్తలీన్, మిథైల్ ఆరెంజ్...

అమ్మమ్మ: పసుపు.

చిన్ని: ఊఁ?

అమ్మమ్మ: పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది. పెళ్ళికూతురి కాళ్ళకు పారాణి అదే, దిష్టి తీసే ఎర్రనీళ్ళూ అవే. అందులో నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపైపోతుంది. నువ్వు పుట్టినప్పటినుంచీ నీ దిష్టి నీళ్ళు నేనే కలుపుతున్నాను. ఎప్పుడైనా వేలు పెట్టి చూశావా?

చిన్ని: (పెన్ను పక్కన పెట్టి) నిజమే. పసుపు కూడా ఇండికేటరే. మేడం చెప్పారు కూడా. సున్నం క్షారం, నిమ్మరసం ఆమ్లం.

అమ్మమ్మ: నాకూ ఒక క్రెడిట్ ఇమ్మని చెప్పు.

చిన్ని: నిలబడి కలుపుతావా, కూర్చునా?

అమ్మమ్మ: నిలబడే.

చిన్ని: అయితే అరక్రెడిట్.

అమ్మమ్మ: (నవ్వు ఆపుకుంటూ) చూడవే, మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంటన్నర దాకా. గంటన్నర చాలు. తంబోలా ఒక్కటీ అయిపోగానే వెళ్ళిపో.

చిన్ని: తంబోలానా? ఉసిరిచెట్టు కింద భోజనం, పుణ్యం అని కదా ఇప్పటిదాకా చెప్పావు!

అమ్మమ్మ: పుణ్యం ఉసిరిచెట్టు చూసుకుంటుంది. నంబర్లు ఎవరో ఒకరు పిలవాలిగా. నువ్వు పిలుస్తావని మాటిచ్చేశాను.

చిన్ని: నన్నడక్కుండానా? నంబర్లు పిలవడానికి బీఎస్సీ ఎందుకు?

అమ్మమ్మ: పోయినేడు పిలిచినావిడ అరవై ఆరు రెండుసార్లు పిలిచింది. ఫుల్ హౌస్ ఎవరిదో తేలలేదు. ఆ రెండిళ్ళకూ ఇప్పటికీ మాటల్లేవు, పేరంటానికి పిలుపుల్లేవు. అందుకని, మా మనవరాలు ల్యాబ్‌లో మిల్లీలీటరులో పదోవంతు కూడా తేడా రానివ్వదు, అది పిలిస్తే ఎవరూ నోరెత్తరు అని చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు.

చిన్ని: (కొంచెం పొంగిపోయి, వెంటనే సర్దుకుని) అయినా కుదరదు. షాపు ఓనరు సెలవివ్వడు.

అమ్మమ్మ: వాళ్ళమ్మ మా సహస్రనామాల బ్యాచే. ఆదివారం మధ్యాహ్నం షాపు కట్టేస్తున్నారు. ఓనరు కూడా వస్తున్నాడు. తంబోలా టికెట్లు నాలుగు తీసుకున్నాడు.

చిన్ని: నువ్వు నా ఓనరుతో మాట్లాడావా?

అమ్మమ్మ: ఆయనతో నేనెందుకు మాట్లాడతాను? వాళ్ళమ్మతో మాట్లాడాను. ఆవిడ ఆయనతో మాట్లాడింది.

చిన్ని: మరి రికార్డు? ఏడు బొమ్మలు! ఇప్పటికిప్పుడు అయ్యే పనేనా?

అమ్మమ్మ: ఇరవై ఒక్క చుక్కల ముగ్గు చెయ్యి వణక్కుండా వేస్తాను. బొమ్మలు నాకు పడెయ్. పెన్సిల్ ఇటివ్వు. ఏమిటిది?

చిన్ని: బ్యూరెట్. కింద కుళాయి ఉన్న పొడుగాటి గాజుగొట్టం. దాని కింద శంకువు ఆకారంలో ఫ్లాస్కు. స్టాండుకి బిగించినట్టు వెయ్యాలి. అంతే, ఇంకేం వెయ్యకు.

(చిన్ని తలవంచుకుని పరిశీలన, ఊహ, ఫలితం అని గడులు గీసి రాసుకుంటోంది. అయిదు నిమిషాలయ్యాక తలెత్తి చూసింది.)

చిన్ని: స్టాండు చుట్టూ ఆ తీగలేమిటి?

అమ్మమ్మ: బోసిగా ఉంటేనూ.

చిన్ని: ఫ్లాస్కు మీద పద్మం ఎందుకు?

అమ్మమ్మ: కార్తీకమాసం కదే.

చిన్ని: తుడిచెయ్! మా మేడం చూస్తే నా పని అయిపోతుంది. ఆవిడకు గీత పక్కన గీత ఉంటేనే ఒళ్ళు మండుతుంది.

అమ్మమ్మ: మీ మేడమా? అలా ఏం లేదే. చాలా నెమ్మదస్తురాలు.

చిన్ని: నీకెలా తెలుసు?

అమ్మమ్మ: నిన్న కోటిలింగాల రేవులో దీపాలు వదులుతుంటే కలిసింది. ఆదివారం పులిహోర ఆవిడదే. పదిహేను కిలోల బియ్యం.

చిన్ని: (నెమ్మదిగా) మా కెమిస్ట్రీ మేడం... వనభోజనాలకు... వస్తున్నారా?

అమ్మమ్మ: ఆవిడకు మాత్రం సరదా ఉండదేమిటి? పాపం, సోమవారం అరవై రికార్డులు ఒక్కసారే వచ్చి పడతాయి, దిద్దలేక చస్తున్నానమ్మా అని బాధపడింది. వింటే నాకే జాలేసింది.

చిన్ని: అయితే?

అమ్మమ్మ: మా చిన్నిది ఎప్పుడో పూర్తయిందమ్మా, ఆదివారం తోటకే తెచ్చేస్తుంది, పులిహోర కలిపాక ఒకసారి చూసేయండి అని చెప్పాను.

చిన్ని: అమ్మమ్మా!

అమ్మమ్మ: అరవకు, పక్కింటావిడ మోకాలి నొప్పితో ఇప్పుడే పడుకుంది. రెండో బొమ్మ ఏమిటి? స్కేలు ఇటివ్వు.