ఆకాశదీపానికి తాడు ఉంటుంది

ఇక్కడ కాలిఫోర్నియాలో మన సంఘం పెట్టుకున్న క్రిందటి కార్తిక వనభోజనాల నాడు ఏం జరిగిందో మీలో చాలామందికి తెలుసు. తెలియనివారికి వాట్సాప్ గ్రూపు ఇప్పటికే రెండు మూడు రకాలుగా చెప్పి ఉంటుంది. నా రకం కూడా వినండి. ఎందుకంటే అగ్గిపెట్టె నాది.

పులిహోర, గుత్తివంకాయ అయిపోయాయి. అంత్యాక్షరి కూడా అయిపోయింది. ఎప్పటిలాగే ఎవరింటి నుంచో తెచ్చిన కుండీలోని ఉసిరి మొక్క చుట్టూ ఆడవాళ్ళు దీపాలు పెట్టారు. పొద్దు వాలుతుండగా ఒకాయన కారు డిక్కీలోంచి కాగితపు దీపాల కట్ట తీశాడు. వెలిగించి గాలిలోకి వదిలేసేవి. "పిల్లలకు ఆకాశదీపమంటే ఏమిటో చూపిద్దాం" అన్నాడు. ఆ మాటకు కరిగిపోయాను. మొదటి మూడూ నేనే వెలిగించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. రెండు పైకి పోయి ఆరిపోయాయి. మూడోది చింతచెట్టు ఎత్తుకు లేచి, గాలి తిరిగి, పక్కకు ఒరిగి, వాలులో ఉన్న ఎండుగడ్డి మీద దిగింది.

కాగితం నలిపినట్టు చిన్న చప్పుడు. అంతే, గడ్డి అంటుకుంది. చేతికి దొరికింది మజ్జిగ డ్రమ్ము ఒక్కటే. అల్లం, కరివేపాకు వేసిన నలభై మంది మజ్జిగ ఆ మంట మీద కుమ్మరించాం. జంపఖానాలతో బాదాం. ఫైరింజన్ వచ్చేసరికి రెండు కార్లు నిలిపేంత జాగా నల్లబడి, దాని మీద కరివేపాకు రెబ్బలు మిగిలాయి. పార్కు రేంజర్ కోప్పడుతుందనుకున్నాను. ఆమె ఒకటే అడిగింది: "ఎన్నేళ్ళుగా ఉంటున్నారు ఇక్కడ?" ఇరవై రెండేళ్ళు అన్నాను. ఆమె తల ఊపి, కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ రాత్రి గ్రూపులో రెండు వాదనలు నడిచాయి. ఒకటి, మన పండుగలంటే ఇక్కడివాళ్ళకు చిన్నచూపు అని. దాని గురించి మాట్లాడి ప్రయోజనం లేదు. రెండోది ఆలోచించాల్సిన మాట: "అడవికి మంట మామూలే. అటవీ శాఖవాళ్ళే తగలబెట్టుకుంటారు కదా, మనం రెండు గజాల గడ్డి కాల్చినందుకు ఇంత రాద్ధాంతమా?"

ఇందులో సగం నిజం ఉంది. కాలిఫోర్నియా అడవి మంటతో కలిసి పెరిగిన అడవే. ఇక్కడి కొండల్లో ఒక రకం పైన్ చెట్టు కాయలు జిగురుతో బిగుసుకుపోయి ఏళ్ళ తరబడి కొమ్మనే అంటిపెట్టుకుని ఉంటాయి. సెగ తగిలితేనే విచ్చుకుని గింజ రాలుస్తాయి. 2020 ఆగస్టులో వానలేని పిడుగులు వేల సంఖ్యలో పడి మనందరినీ కిటికీలు మూసుకునేలా చేసినప్పుడు, శాంతాక్రూజ్ కొండల్లోని బిగ్ బేసిన్ పార్కు 97 శాతం కాలిపోయింది. రెండేళ్ళ తర్వాత తెరిచినప్పుడు వెళ్ళాను. వందల ఏళ్ళ రెడ్‌వుడ్ చెట్లు బొగ్గు పూసినట్టు నిలబడి, ఆ నల్లటి ఒంటి నిండా పచ్చటి నూగు చిగురుతో ఉన్నాయి. దశాబ్దాల కిందట దాచుకున్న చక్కెరతో ఆ చిగురు వేశాయని శాస్త్రవేత్తలు తేల్చారు. మన అమ్మలు పోపుల డబ్బాలో డబ్బు దాచినట్టు. అయితే పక్కనే ఉన్న డగ్లస్ ఫర్ చెట్లు చాలావరకు లేవలేదు. ఒకే మంట అందరికీ ఒకటి కాదు.

తెల్లవాళ్ళు రాకముందు ఇక్కడి కరూక్, యురోక్ వంటి తెగలవాళ్ళు బుట్టలల్లే చువ్వల కోసం, ఓక్ గింజల కోసం అదునెరిగి చిన్న చిన్న మంటలు పెట్టుకునేవారు. గడ్డికి నిప్పు పెడితే శిక్ష అని 1850లో రాష్ట్రం చట్టం చేసింది. 1935 నుంచి దశాబ్దాల పాటు అటవీ శాఖది ఇంకో పంతం: ఏ మంటయినా కనబడిన మర్నాడు ఉదయం పది గంటల్లోపు అదుపులోకి రావాలి. అలా ఆర్పగా ఆర్పగా అడవిలో పుల్లా పుడకా పేరుకుపోయాయి. ఇప్పుడు వాళ్ళే జాగ్రత్తగా కాలుస్తున్నది ఆ పేరుకున్న అప్పునే. ఒకసారి కంచె అవతల నిలబడి చూశాను. గాలి కొలిచి, చుట్టూ గీత తీసి తడిపి, అప్పుడు నిప్పు పెట్టారు. హోమగుండం చుట్టూ పరిషేచనం చేసినట్టే. దాన్ని, మా కాగితపు దీపాన్ని ఒక గాటన కట్టడం కుదరదు.

అమెరికాలో 1992 నుంచి 2012 దాకా రేగిన కార్చిచ్చుల్లో 84 శాతం మనుషుల చేతి చలవే. కాలిన నేలలో మన వాటా సగం కన్నా కాస్త తక్కువ, అది ఒప్పుకోవాలి. కానీ పిడుగు దాని రుతువులో పడుతుంది. మనిషి నిప్పుకు రుతువు లేదు. ఒకే కొండ పదేళ్ళలో రెండు మూడుసార్లు కాలితే అక్కడి పొదలకు గింజ కట్టే వ్యవధి ఉండదు. వాటి చోటికి ఎండుగడ్డి వస్తుంది. ఆ గడ్డి ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది. మనం ఫొటోలు తీసుకునే ఈ బంగారు కొండల గడ్డి కూడా చాలావరకు స్పానిష్ వాళ్ళ వెంట ఐరోపా నుంచి వచ్చిందే. మనకన్నా ముందు వలస వచ్చిందన్నమాట.

అసలు సంగతి ఇది. ఊళ్ళో కార్తికం అంటే వానలు పడి వెళ్ళిన నెల. చెరువు నిండి ఉంటుంది, గట్టు మీద గడ్డి పచ్చిగా ఉంటుంది. ఇక్కడ మనం వనభోజనాలకు వెళ్ళేసరికి ఆరు నెలలుగా చినుకు ఉండదు. పైగా తూర్పు నుంచి పొడిగాలి. 2018లో దీపావళి వెళ్ళీ వెళ్ళగానే, నవంబరు 8న, ప్యారడైజ్ పట్టణం తగలబడి 85 మంది చనిపోయారు. తెచ్చుకున్న పంచాంగంలో నెల పేరు అదే, కింద నేల వేరు.

మన ఊరివాళ్ళకు ఇవన్నీ తెలుసు అని కోతలు కోయను. మాది నల్లమల అంచు. శివరాత్రికి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం నడిచేవాళ్ళం. దారిలో వంట అయ్యాక మా నాయనమ్మ మూడు రాళ్ళ పొయ్యిలో నీళ్ళు చల్లి, బూడిదలో వేలు పెట్టి చూసేది. చల్లబడితేనే లేచేది. అవతల జనం వెళ్ళిపోతున్నా కదిలేది కాదు. కానీ ఆమె ఒక్కతే. బీడీ ముక్క ఆకుల్లో విసిరేసిన పెద్దమనుషులు మా ఇంట్లోనే ఉన్నారు. ఫాల్గుణం రాత్రుళ్ళు మిద్దె మీద పడుకుని కొండ మీద ఎర్రగా పాకే మంటను చూసి "మల్లన్నకు దండ వేశారు" అని మురిసేవాళ్ళం. తెల్లారి ఎవరు పెట్టారంటే ఆలోచించకుండా చెంచుల పేరు చెప్పేవాళ్ళం.

ఆకాశదీపం మాటకొస్తే, మా శివాలయంలో ధ్వజస్తంభానికి గిలక, దాని మీదుగా కొబ్బరి తాడు ఉండేవి. చిల్లుల ఇత్తడి చెంబులో ప్రమిద పెట్టి పూజారి గారబ్బాయి పైకి లాగేవాడు, చేతిలో తాడు వదలకుండా. తెల్లారి దించి, మసి తుడిచి, మళ్ళీ సాయంత్రం నూనె పోసేవాడు. వదిలేసేది ఆకాశదీపం కాదు. ఆ మాట ఆ రోజు నాకు గుర్తుకు రాలేదు.

కొత్త కార్యవర్గానికి విన్నపం. రాహుకాలంలో కొత్త కారు తాళాలు పుచ్చుకోని మనం, నిప్పు రేగే ప్రమాదం ఉందని ఇక్కడి వాతావరణ శాఖ ఇచ్చే ఎర్రజెండా హెచ్చరికను వర్జ్యం అనుకోలేమా? ఆ వారం అది ఉండి, ఆ ఉదయమే తీసేశారట. మాలో ఒక్కరమూ చూడలేదు. మంచి వాన ఒకటి పడేదాకా కొండ మీద నిప్పు వద్దు. దీపాలు గుడి ముందు సిమెంటు నేల మీద పెట్టుకుందాం.

ఫిబ్రవరిలో ఆ చోటికి మళ్ళీ వెళ్ళాను. కాలిన మేర చుట్టుపక్కల కన్నా పచ్చగా ఉంది. చూశారా అని మా ఆవిడతో అనబోయాను. రేంజర్ అటే వచ్చి, వంగి ఒక పోచ తెంపి చూపించింది. మళ్ళీ ఆ ఐరోపా గడ్డే. ఈసారి నన్ను ఏమీ అడగలేదు, నేనే అడిగాను, ఆ మైదానం అంచున ఉన్న జెండా కర్రకు ఒక దీపం కట్టుకోవచ్చా అని. బ్యాటరీ దీపమైతే దరఖాస్తు పెట్టుకోమంది. ఇత్తడి చెంబు మా ఇంట్లో ఉంది, అమ్మ పంపింది. గిలక, తాడు కొనాలి.