ఎదురు తిరగని మనిషి మీద నేర్చుకున్న ఆత్మరక్షణ ఎందుకు పనికొస్తుంది?

హైదరాబాద్‌లో ఇప్పుడు ఏ కాలనీలోకి వెళ్ళినా ఇలాంటి ఫ్లెక్సీ ఒకటి ఉంటోంది. కేరళ కలరి, కర్రసాము, కరాటే, ఇజ్రాయెల్ పోరు పద్ధతి క్రావ్ మాగా అన్నీ కలిపిన ఆధునిక ఆత్మరక్షణ విధానం, నెల రోజుల కోర్సు, అమ్మాయిలకు ఫీజులో రాయితీ. మియాపూర్‌లో చూశాను, నాగోల్‌లో చూశాను, మా వీధి చివర ఫంక్షన్ హాల్ గోడకీ కట్టారు. సాయంత్రాలు నేనూ అమ్మాయిలకు నేర్పుతాను కాబట్టి తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు, "మేడమ్, ఇది మంచిదేనా, చేర్పించమంటారా?" అని. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే అంతా రాసేస్తున్నా.

పాత విద్యల్ని ఇప్పటి అవసరానికి తగ్గట్టు కలపడం మంచి పనే. కలపకపోతే అవి బతకవు కూడా. నా గొడవంతా ఏం కలుపుతున్నారన్న దాని గురించే. కలరి నుంచి ఎగిరి తన్నే తన్ను ఒకటి, కర్రసాము నుంచి ఓ తిప్పుడు, కరాటే నుంచి ఒక పంచ్, క్రావ్ మాగా నుంచి మోకాలి దెబ్బ. ఒక్కో కళలోంచి చూడ్డానికి బాగుండేదాన్ని ఏరి వరసగా పేర్చి, దానికో పేరు పెట్టి, టీషర్టు, సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నారు. కోర్సంతా అయిపోయినా ఎదుటి మనిషి నిజంగా తిరగబడితే ఎలా ఉంటుందో ఆ పిల్లకు తెలియదు. జోడీగా నిలబడ్డ అమ్మాయి దెబ్బ తగలకముందే పడిపోతుంది, పడిపోవాలని సార్ ముందే చెప్పారు కాబట్టి.

మణికట్టు పట్టు సంగతే తీసుకోండి, ఏ వర్క్‌షాపులోనైనా దాదాపు మొదట నేర్పేది అదే. పట్టుకున్నవాడి బొటనవేలికీ మిగతా వేళ్ళకీ మధ్య సందు ఉంటుంది, అటువైపు చెయ్యి తిప్పి లాగేస్తే వచ్చేస్తుంది. నిజమే, వాడు బొమ్మలా నిలబడితే వస్తుంది. దురుద్దేశంతో పట్టుకున్నవాడు నిలబడడు కదా. పట్టుకున్న క్షణమే తనవైపు గుంజుతాడు, రెండో చెయ్యి జుట్టు మీదకో మెడ మీదకో వస్తుంది, మన కాళ్ళు తేలిపోతాయి, అప్పుడు వేళ్ళ సందు వెతుక్కునే తీరిక ఎవరికుంటుంది? మా దగ్గర కొత్త బ్యాచ్‌కి ముందు మామూలు పద్ధతిలోనే చేయిస్తాం. అందరికీ వచ్చేస్తుంది, నవ్వుకుంటారు. ఆ తర్వాత పట్టుకున్న అమ్మాయితో చెబుతాను, "ఇప్పుడు వదలొద్దు, నీ బలమంతా పెట్టి గోడ దాకా లాక్కెళ్ళు" అని. ఒక్కసారిగా నవ్వులు ఆగిపోతాయి. ఇందాక చక్కగా విడిపించుకున్న పిల్లే వెనక్కి గుంజుకుంటూ, మడమల మీద జారుతూ గోడ దాకా వెళ్ళిపోతుంది. వెనక్కి గుంజుకునే కొద్దీ బలం ఉన్నవాడిదే పైచెయ్యి. నడుము దించి, మోకాళ్ళు వంచి, వాడు లాగుతున్న వైపే ఒక అడుగు లోపలికి వేసి, మన మోచేతిని వాడి ముంజేతి మీదుగా తీసుకొస్తే అప్పుడు పట్టు సడలుతుంది. వాడి లాగుడే మనకు సాయం చేస్తుంది. అది కూడా ప్రతిసారీ కుదరదు, మళ్ళీ మళ్ళీ లాగించుకుంటూ ఉంటే కుదరడం పెరుగుతుంది. కుస్తీ గోదాలో దిగిన కుర్రాడికి ఇది ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే ఒంటికి పట్టేస్తుంది, అక్కడ రోజూ ఎదుటివాడు నిజంగానే లాగుతాడు కాబట్టి.

అందుకే అంటున్నా, ముందు కలపాల్సింది సాధన చేసే తీరుని. ఎత్తులు తర్వాత చూసుకోవచ్చు.

ఈ పని ఎలా చేయాలో జపాన్‌లో కానో జిగొరో చేసి చూపించారు. ఆయన జుజుత్సు అనే పాత జపాన్ పోరు విద్యలో కిటో ర్యు, టెన్జిన్ షిన్యో ర్యు అనే రెండు పాత సంప్రదాయాలు నేర్చుకుని 1882లో టోక్యోలో కోడోకాన్ పెట్టారు, జూడో అక్కడే పుట్టింది. రెండింట్లోనూ ఉన్న భయంకరమైన ఎత్తులన్నీ తెచ్చి పేర్చుకోవచ్చు, ఆయన అలా చేయలేదు. కళ్ళు పొడిచేవీ, ఎముకలు విరిచేవీ స్వేచ్ఛగా పోరాడే సాధనలోంచి తీసేసి, దెబ్బలు తగలకుండా రోజూ పూర్తి బలంతో చేయగలిగినవి మాత్రం ఉంచారు. ఆ సాధనే రండోరి. తక్కువ ఎత్తులే, కానీ ఒప్పుకోని మనిషి మీద. మనవాళ్ళు ఫ్లెక్సీల మీద పేరు వేసుకునే క్రావ్ మాగా కథా అంతే. దాన్ని తయారుచేసిన ఇమి లిక్టెన్‌ఫెల్డ్ బాక్సర్, కుస్తీ వీరుడు, 1930లలో బ్రాటిస్లావా వీధుల్లో యూదుల మీద దాడులు చేసే మూకల్ని ఎదుర్కొన్నవాడు. రింగులో గెలిపించేదంతా వీధిలో గెలిపించదని అక్కడే తెలిసింది. ఆ అనుభవం వదిలేసి ఆ మోకాలి దెబ్బ ఒక్కటే తెచ్చుకుంటే ఏమొస్తుంది?

మన ఊళ్ళో మాత్రం ఇది లేదా? పాతబస్తీలో, ధూల్‌పేటలో, బార్కస్‌లో తాలీంలు, అంటే కుస్తీ నేర్పే వ్యాయామశాలలు ఉండేవి, కొన్ని ఇంకా ఉన్నాయి. చాలా వాటిలో మట్టి పోయి అద్దాలు, డంబెల్స్ వచ్చాయి. ఎర్రమట్టిలో నూనె, పసుపు, మజ్జిగ కలిపి రోజూ తవ్వి మెత్తగా చేసుకునే గోదా, దండీలు, బస్కీలు, ముగ్దర్ అనే బరువైన గద తిప్పడం, గురువైన వస్తాదు కళ్ళెదుట జోడీ కట్టి పట్టడం, వీటన్నిటిలో నాకు కనిపించేది ఒక్కటే, అబద్ధం చెప్పే వీలు లేదు. పడ్డావంటే పడ్డావు, లేచి మళ్ళీ పట్టు. పడటం నేర్చుకోవడం, కిందపడ్డాక లేవడం, ఇంకొకరి బరువు మీద పడితే ఊపిరి పీల్చుకోవడం, మొహం దగ్గరకు ఓ కొత్త మనిషి వస్తే బిగుసుకుపోకుండా ఉండటం... ఆత్మరక్షణకు కావలసినవి ఇవే. ఇంత సంపద ఊళ్ళో పెట్టుకుని అమ్మాయిల్ని మాత్రం ఆ గుమ్మం తొక్కనివ్వలేదు. హర్యానా అమ్మాయిలు గోదాలో దిగారు, ఊరంతా నోళ్ళు నొక్కుకున్నా దిగారు, 2016 రియో ఒలింపిక్స్‌లో సాక్షి మలిక్ 58 కిలోల విభాగంలో కాంస్యం తెచ్చింది. మన దగ్గర "అమ్మాయిలు కుస్తీ ఏంటమ్మా, కరాటే అయితే డీసెంట్‌గా ఉంటుంది" అని చెప్పిన తండ్రులు నాకు బాగా తెలుసు. ఎవరూ ముట్టుకోకుండా ఉంటే డీసెంట్ అట. దాడి చేసేవాడు ముట్టుకోకుండా ఉంటాడా?

కర్రసాము విషయానికొస్తే, నాకు చాలా ఇష్టమైన విద్య. బోనాల ఊరేగింపులో ముందు వరసలో కర్ర తిప్పేవాళ్ళని చూస్తే ఇప్పటికీ కాళ్ళు ఆగిపోతాయి. కానీ ఆ తిప్పుడు ప్రదర్శన కోసం, జనం పక్కకు జరగడం కోసం. ఆత్మరక్షణకు అందులోంచి తీసుకోవలసింది అడుగులూ, దూరమూ. ఎదుటివాడు ఎంత దగ్గరకు వస్తే కర్ర అందుతుంది, ఏ కాలు ముందుంటే పక్కకు తప్పుకోవడం సులువు, ఒకేచోట నిలబడకుండా కోణం ఎలా మార్చాలి, ఇవి వచ్చినవాడికి చేతిలో మడత పెట్టని గొడుగు ఉన్నా చాలు. 1899 ప్రాంతంలో లండన్‌లో బార్టన్ రైట్ అనే ఇంజినీరు జుజుత్సు, బాక్సింగ్, కాళ్ళతో తన్నే ఫ్రెంచి విద్య సవాత్‌తో పాటు చేతికర్ర పోరాటాన్నీ కలిపి బార్టిట్సు అని నేర్పాడు, అప్పటి పెద్దమనుషుల చేతిలో రోజూ ఉండే వస్తువు చేతికర్ర కాబట్టి. అలా ఆలోచించాలి. అమీర్‌పేట హాస్టల్లో ఉండే అమ్మాయి చేతిలో రోజూ ఏముంటుంది? ఫోన్, బ్యాగు, వాటర్ బాటిల్, వానాకాలమైతే గొడుగు. ఆరడుగుల వెదురు కర్ర పట్టుకుని మెట్రో ఎక్కదు కదా.

కలరి పేరు వాడేవాళ్ళు ఇంకో సంగతి గమనించాలి. అక్కడ ముందు ఒళ్ళు తయారుచేసే మెయ్‌తారి, తర్వాత కర్రలతో కోల్‌తారి, ఆ తర్వాత లోహపు ఆయుధాలతో అంకతారి, అన్నీ అయ్యాక చివర్న వెరుంకై, అంటే వట్టి చేతుల పోరు. ఏళ్ళ తరబడి సాధన చేశాక చేరుకునే చివరి మెట్టుని నెల రోజుల కోర్సులో మొదటి వారమే చూపించి, పైగా మర్మస్థానాలు కూడా నేర్పుతామని చెప్పడం ఆ గురువులకూ అవమానమే, డబ్బు కట్టిన తల్లికీ మోసమే.

ఇక ఈ కోర్సులన్నీ ఊహించుకునే శత్రువు ఎవరు? చీకటి సందులో ముసుగు వేసుకుని వచ్చే అపరిచితుడు. జాతీయ నేర గణాంకాల నివేదికలు తీసి చూడండి, అత్యాచారం కేసుల్లో దాదాపు ఏటా 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. చుట్టం, పొరుగువాడు, ఆఫీసులో సీనియర్, పెళ్ళి చేసుకుంటానని తిరిగినవాడు. వాడి మీద మొదటి క్షణంలోనే పిడికిలి లేవదు, గొంతే లేవాలి. "అన్నా, చెయ్యి తియ్" అని పదిమంది ఉన్న గదిలో గట్టిగా అనగలగడం ఏ తన్ను కన్నా కష్టం, చిన్నప్పటి నుంచి గొంతు తగ్గించమనే కదా పెంచాం. కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది అమ్మాయిల మీద జరిగిన పరిశోధన 2015లో వచ్చింది. మొత్తం శిక్షణ 12 గంటలే. ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, తెలిసినవాడికి వద్దని చెప్పలేకపోవడాన్ని దాటడం, నోటితో ఎదిరించడం, వీటితో పాటు కొంత శారీరక సాధన. ఏడాది తర్వాత చూస్తే అత్యాచారానికి గురైనవాళ్ళు శిక్షణ తీసుకోని వర్గంలో 9.8 శాతం, తీసుకున్న వర్గంలో 5.2 శాతం. దాదాపు సగం! మన బోనాల కర్రా, గోదా మట్టీ ఈ 12 గంటల పక్కన చేరితే ఎంత గట్టి విధానం తయారవుతుందో ఆలోచించండి. నాకైతే ఆ ఊహకే ఉత్సాహం వస్తుంది.

మహిళా దినోత్సవమని మార్చి 8న ఆఫీసుల్లో పెట్టే రెండు గంటల వర్క్‌షాపుల గురించి ఎక్కువ రాయను. ఫొటోలు బాగా వస్తాయి.

చట్టం మాత్రం ఒక్కరూ చెప్పరు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. అత్యాచారం చేయబోయేవాణ్ణీ, యాసిడ్ పోయబోయేవాణ్ణీ ఎదిరించే క్రమంలో వాడి ప్రాణం పోయినా ఆ హక్కు కిందికి వస్తుంది. అదే సమయంలో 37వ సెక్షన్, కాపాడుకోవడానికి అవసరమైన దానికన్నా ఎక్కువ హాని చేయడానికి వీల్లేదంటుంది. కిందపడి ఇక లేవలేకపోతున్నవాణ్ణి ఇంకా తొక్కమని నేర్పే మాస్టార్లు ఉన్నారు, ఆ వీడియోలు గొప్పగా పెట్టుకుంటారు కూడా. ఆ పిల్ల రేపు స్టేషన్‌లో ఏం చెప్పుకోవాలి? కొట్టడం ఎప్పుడు ఆపి పరుగెత్తాలో, పరుగెత్తి ఎమర్జెన్సీ నంబరు 112కి ఏం చెప్పాలో కూడా ఒళ్ళు అలిసిపోయి ఉన్నప్పుడే సాధన చేయించాలి, ఆయాసంలో అడ్రస్ చెప్పడం ఎంత కష్టమో చేస్తేనే తెలుస్తుంది.

కాబట్టి చేర్పించాలా వద్దా అని అడిగేవాళ్ళకి నా జవాబు. డబ్బు కట్టే ముందు ఒక క్లాసు మొత్తం కూర్చుని చూస్తామని అడగండి. చూడనివ్వకపోతే వచ్చేయండి. చూడనిస్తే, ఆ గంటలో ఒక్కసారైనా ఒక పిల్ల చేసిన ఎత్తు పని చేయకుండా పోయిందా, పోయాక మాస్టారు ఏం చేయించారు, అది గమనించండి. అన్నీ అందరికీ మొదటిసారే కుదిరిపోతుంటే అక్కడ నాట్యం నేర్పుతున్నారు.

ఇంకొకటి, ఇది తాలీం నడిపే పెద్దవాళ్ళకి. వస్తాద్‌గారూ, వారానికి రెండు సాయంత్రాలు, అబ్బాయిలు లేని వేళ, మీ గోదా మాకివ్వండి. మట్టి తవ్వడం దగ్గర్నుంచి అన్నీ మా పిల్లలే చేసుకుంటారు, తల్లులు కూడా వచ్చి కూర్చుంటారు. మీరు అరుగు మీద కూర్చుని పట్టు ఎక్కడ తప్పిందో చెబితే చాలు. సిటీలో ఎక్కడైనా సరే, సరేనంటే మెసేజ్ పెట్టండి, పిల్లల్ని తీసుకుని నేనే వస్తాను.