బెజవాడ, గుంటూరు వాళ్లకి వ్యాపారం రక్తంలో ఉందా?

వాట్సాప్‌లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "బెజవాడ, గుంటూరు వాళ్లకి వ్యాపారం రక్తంలోనే ఉంది, తరతరాలుగా వాళ్లంతే, మిగతా జిల్లాల వాళ్లకి నేర్పినా రాదు." పొగడ్తే కదా అని మన గుంటూరు వాళ్లే ఎక్కువగా పంపుతున్నారు. ఇందులో ఒక్క ముక్క కూడా నిలబడదు.

ముందు ఆ "తరతరాలుగా" సంగతి. 1833 డొక్కల కరువులో గుంటూరు సీమ జనంలో మూడో వంతుకు తగ్గకుండా పోయారు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి, కాలువల కింద పండిన వరి తినగా మిగిలి, 1893లో రైలు వంతెన కూడా పడ్డాకే ఇక్కడ చేతిలో డబ్బులాడి వ్యాపారం ఊపందుకుంది. వర్జీనియా పొగాకైతే 1920ల్లో బయటి నుంచి వచ్చిన సిగరెట్ కంపెనీ వాళ్లు మన రైతులతో వేయించిందే. బ్యారన్ (పొగాకు ఆకు ఆరబెట్టి కాల్చే గది) కట్టడం, ఆకు గ్రేడు చూడటం అప్పుడు నేర్చుకున్నవే.

రక్తంలోనే ఉంటే బందరు ఏమైనట్టు? 1611లోనే ఇంగ్లీషు వాళ్లు అక్కడ వర్తక కోఠీ పెట్టారు, కలంకారీ బట్ట ఓడలెక్కి దేశదేశాలకు పోయేది. 1864 తుఫానుకి దాదాపు ముప్పై వేల మంది పోయారు, రేవు దెబ్బతింది, రైలు వచ్చాక సరుకంతా బెజవాడ దారి పట్టింది. మనుషులు మాత్రం ఆ బందరు వాళ్లే.

అలాగని చరిత్రకి విలువ లేదనడం లేదు. ఫ్రిట్ష్, వైర్విచ్ అనే జర్మన్ ఆర్థికవేత్తలు చూస్తే, 1925లో సొంత వ్యాపారాలు ఎక్కువున్న ప్రాంతాల్లోనే 2005 నాటికీ కొత్త సంస్థలు ఎక్కువ పుట్టాయి, నలభై ఏళ్ల సోషలిజం చూసిన తూర్పు జర్మనీలో కూడా. ఇంకా గట్టి ఉదాహరణ ఒకప్పుడు జర్మనీలో, ఇప్పుడు రష్యాలో ఉన్న కాలినిన్‌గ్రాడ్: రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మన్లని పంపేసి సోవియట్ జనాన్ని తెచ్చి నింపారు, అయినా పాతకాలంలో ఏ పరిశ్రమ బలంగా ఉన్నచోట ఆ పరిశ్రమలోనే 2010 నాటికీ సొంతంగా పనిచేసుకునేవాళ్లు ఎక్కువ. అక్కడ జనమే మారిపోయారు, ఇంక రక్తం ఎక్కడిది?

"మిగతా వాళ్లకి రాదు" అనేది అన్నిటికంటే చెడ్డ మాట. రక్తం అన్నప్పుడు కులమనే అర్థమని అందరికీ తెలుసు. ఓరుగల్లు ఎనుమాముల మార్కెట్‌కి, ఖమ్మానికి సీజన్‌లో వచ్చే మిర్చి చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. మన గుంటూరు మిర్చి యార్డులో కూడా పని వచ్చేది గుమస్తాగా చేరి, టిక్కీలో (మిర్చి బస్తాలో) చెయ్యి పెట్టి కాయ రంగు, తేమ పట్టుకోవడం నేర్చుకుంటేనే. హమాలీ కొడుక్కి ఆ చూపు ఉన్నా, కొట్టు పెట్టడానికి అప్పు ఎవరిస్తున్నారు, రైతుకి ముందస్తు పెట్టుబడి పెట్టే స్తోమత ఎలా వస్తుంది అన్నవి అడగాల్సిన ప్రశ్నలు.