హుస్సేన్ సాగర్‌లో నాట్లు

జులై నెల. మిర్యాలగూడ దగ్గర మా మామగారు నాట్ల హడావుడిలో ఉన్నారు. హైదరాబాద్‌లో నేనూ మా బావమరిదీ కూడా నాట్ల హడావుడిలోనే ఉన్నాం. కాకపోతే మావి హుస్సేన్ సాగర్‌లో.

మాది నాలుగు మీటర్ల తెరచాప పడవ, ఇద్దరు పడతారు. చుక్కాని నేను పడితే స్పీడా, వాడు పడితే స్పీడా అన్నది ఏడాదిగా తేలని గొడవ. తేలాలంటే కొలవాలి.

మొదట ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెడలో వేలాడదీశాను. గట్టుకు కట్టేసిన పడవ గంటకు కిలోమీటరు వేగంతో వెళ్తోందని చెప్పింది. శాటిలైట్ లెక్క నాలుగడుగులు అటూ ఇటూ అయితే మనమే నడిచామనుకుంటుంది కదా! కాసేపటికి ఏకంగా 31 కిలోమీటర్లంది. అంత వేగమే నిజమైతే నీళ్ల మధ్య బుద్ధుడు కూడా తల తిప్పి చూసేవాడు.

తర్వాత ఆన్‌లైన్‌లో చక్రం మీటరు తెప్పించాం. పడవ వెనక బిగిస్తే నీళ్లకు చక్రం తిరుగుతుంది, వేగం చెబుతుంది. తిరిగింది, గుర్రపు డెక్క వేరు చుట్టుకునేదాకా. ఆ తర్వాత ఎంత గాలొచ్చినా సున్నాయే.

"పాతకాలం పద్ధతే మేలు బావా" అన్నాడు వాడు. అప్పట్లో ఓడవాళ్లు చెక్కకు ముడులేసిన తాడు కట్టి నీళ్లలో విసిరేవారు. ఇసుక గడియారంలో 28 సెకన్లు గడిచేలోపు ఎన్ని ముడులు జారితే అన్ని నాట్లు. నాట్ అంటే ముడే. ఇప్పటి లెక్కలో గంటకు 1.852 కిలోమీటర్లు.

ముందురోజు మామగారికి ఫోన్లో "నాలుగు నాట్లు వస్తే చాలు" అన్నాను. "చెరువులో నాట్లేంటయ్యా? నారెక్కడ పోశారు?" అన్నారు.

తాడు కూడా అక్కర్లేని పద్ధతి ఒకటుంది. పడవ ముక్కు దగ్గర తేలే వస్తువొకటి వేసి, అది పడవ వెనక అంచుకు చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టాలి. మా పడవకు 8ని సెకన్లతో భాగిస్తే దాదాపుగా నాట్లు వచ్చేస్తాయి. మామగారు పంపిన బత్తాయిలు ఆరు పట్టుకెళ్లాం. బత్తాయి చాలావరకు మునిగి తేలుతుంది, గాలికి కొట్టుకుపోదు. ఇంతకంటే మంచి పరికరం ఎక్కడ దొరుకుతుంది? గట్టు దాటేలోపే మా వాడు మూడు పరికరాలు తినేశాడు.

నాలుగోది వేశాడు. "ఒకటీ... రెండూ..." వెనక్కొచ్చేసింది! ఎనిమిది బై రెండు, నాలుగు నాట్లు! ఆ గెంతుకే పడవ ఊగింది. ఒక్కసారికే నమ్మితే ఎలా అని అయిదోది వేయించాను. దాని వెంబడే నా తల తిరిగింది, తలతోపాటు నడుము, నడుముతోపాటు చుక్కాని పట్టిన చెయ్యి. గాలి తెరచాప వెనక్కి దూరింది. కింది కర్ర గిర్రున ఇటు నుంచి అటు వచ్చింది. మా వాడు వంగాడు, నేను వంగలేదు, పడవ ఇద్దరినీ వంచింది.

లైఫ్ జాకెట్ల పుణ్యమా అని తేలాం. పక్కనే బత్తాయి కూడా తేలుతోంది, మా కంటే కాస్త ముందుంది.

మెడలో ఫోన్ మోగింది. కవర్ మీది నీటిచుక్కలే ఎత్తాయో ఏమో, మామగారి గొంతు వినిపించింది: "అల్లుడూ, మాకు మూడెకరాలు అయిపోయాయి. మీకు పడ్డాయా?"

నోట్లో నీళ్లు ఉమ్మేసి మా బావమరిది అన్నాడు: "పడ్డాం నాన్నా."