సవరణ: ఒపెరా మినీ బ్రౌజర్ వేగం గురించి

పర్లాకిమిడి బస్టాండులో రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి ఒకే వార్తల పేజీ తెరిచి చూసి, ‘ఒపెరా మినీ ఇంజన్ క్రోమ్ కంటే వేగవంతమైనది’ అని మొన్న రాశాను (ఇంజన్ అంటే పేజీని తెరపై కూర్చే బ్రౌజర్ భాగం). అది తప్పు. డేటా ఆదా గరిష్ఠంగా పెట్టినప్పుడు పేజీని ఒపెరా సర్వర్లే సిద్ధం చేసి, కుదించి ఫోనుకు పంపుతాయి. ఆ సంస్థ సాంకేతిక వివరణలోనే ఈ విషయం ఉంది. చదవకుండా రాయడం నా పొరపాటు.

ఆ రోజు సిగ్నల్ ఒక్క గీతే ఉంది, అందుకే బరువు తక్కువ పేజీ ముందు తెరుచుకుంది. ఇంటి వైఫైలో, రెండింటి కాష్ (ఫోనులో దాచుకున్న పాత పేజీల నకళ్లు) చెరిపి మళ్లీ చూస్తే తేడా కంటికి ఆనలేదు.

గుణుపురం కొండదారిలో సిగ్నల్ సన్నగిల్లే చోట వార్తలు చదవడానికి ఒపెరా మినీ ఇప్పటికీ మంచిదే. కానీ డేటా ఆదా గరిష్ఠంగా పెట్టిన పద్ధతిలో జావాస్క్రిప్ట్ (పేజీలోని బటన్లు, ఫారాలను నడిపే కోడ్) కొంతవరకే పనిచేస్తుంది. రైలు టికెట్లకు, బ్యాంకు పనులకు మామూలు బ్రౌజరే వాడండి.